కాగితమంత సందు

జూలై చలి. ఉరుగ్వే నది మీది పొగమంచు
పైసందూ వీధుల్లోంచి ఇంకా వెనక్కి పోలేదు.
షెడ్డు తలుపు సగమే తీశాను.
ఎబెర్ తన యాభై ఒకటో మోడల్ షెవర్లేని
ముసలి గుర్రాన్ని నడిపించుకొచ్చినట్టు
లోపలికి తెచ్చి నిలబెట్టాడు.

నలభై ఏళ్లు ఉన్ని మిల్లులో పనిచేశాడు.
మగ్గాలు జీతమిచ్చి చెవులు పట్టుకుపోయాయి.
పలక మీద రాస్తేగాని మాట అందదు.
"చప్పుడుందా?" అని రాశాను.
పగలబడి నవ్వాడు.
"నన్నా అడుగుతావు, నీబియా?"

చప్పుడు నిరుడు ఉండేదట.
సంతలో జనం తలలు తిప్పి చూసేవారట.
అల్లుడికి సిగ్గేసి, పెద్దరోడ్డు పక్క మెకానిక్కు దగ్గరికి తోలుకెళ్లాడు.
అతను స్క్రూలు బిగించాడు. బిగించి బిగించి
ఇంజన్ నోరు నొక్కేశాడు.
అందరూ బాగుందన్నారు.
"నాకొక్కడికే," అని ఎబెర్ అరికాలు చూపించాడు,
"ఇక్కడ కుంటుతున్నట్టు తెలుస్తోంది."

ముందు గేజు చూశాను. ఆయిల్ ప్రెషర్ ఉంది.
గేజు అబద్ధమాడదు.
తన గుమ్మం దాటాక ఏం జరుగుతోందో
దానికి మాత్రం ఏం తెలుసు?

కవరు విప్పి స్టార్ట్ చేశాను.
పన్నెండు రాకర్లు, తలలూపుతూ.
నడిమి నాలుగింటికే నూనె తడి.
చివర్లకు పోయేకొద్దీ ఎండిపోయిన పెదాలు.
ఆరో సిలిండర్ దగ్గర షాఫ్టు
నెమలి మెడలా నీలం తిరిగింది.
మంచి రంగే. ఉక్కు కాలితేగాని రాదు.

రాగి గొట్టం ఊడదీసి యమందూకిచ్చాను.
బుగ్గలు ఉబ్బించి ఊదాడు.
అవతల నిట్టూర్పంత గాలి.
తన గిటార్ సన్న తీగ, మనసొప్పక, విప్పి తెచ్చి
లోపలికి దూర్చాడు.
వేలెడు పొడవున కాటుక ముద్ద జారిపడింది.
ఎవరెవరో పోసిన నూనెలు, ఎవరూ మార్చని ఏళ్లు.

దాహమేస్తే అరిచింది, అంతే.
అరుపుకే వైద్యం చేశాడు పెద్దమనిషి.
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు
సందు లేని వాల్వు పూర్తిగా మూసుకోలేక
ఆ చీలికలోంచి మంట నాలుక నాకి నాకి
అంచు తినేసింది.
కంప్రెషన్ చూస్తే ఐదింటిలో సూది నిలబడింది,
ఆరోదానిలో కూలబడింది.
హెడ్డు విప్పి వాల్వు చేతికిచ్చాను.
ఎలుక కొరికిన రొట్టె అంచు.
ఎబెర్ దాన్ని జేబులో వేసుకున్నాడు, ఎందుకో.

కొత్త వాల్వు నూరడానికి యమందూకి రెండు రోజులు,
అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు.
అది పూర్తయ్యాక ఇంజన్ వేడెక్కించి, ఫీలర్ రేకు పట్టుకుని
ఒక్కొక్కటీ సరిచేశాను.
రేకు దూరాలి, కాని ఇష్టంలేనట్టు దూరాలి,
కొత్త పుస్తకంలో అతుక్కున్న పేజీల మధ్య గోరులా.
దీనికి లెక్క పుస్తకంలో ఉంది.
వేళ్లకు రావడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

సన్నగా టిక్కు టిక్కుమంటోంది.
"అక్కా, ఇంకా చప్పుడే!" అన్నాడు యమందూ.
ఆ మాత్రం ఉండాలిరా, అన్నాను.
పూర్తిగా నోరు మూసుకున్న రోజు నన్ను లేపు.

ఎబెర్ దూరంగా నిలబడ్డాడు,
పెళ్లిలో ఎవరూ పలకరించని బంధువులా.
పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి
చెక్క పిడి అతని పళ్ల మధ్య పెట్టి
మొన కవరు మీద ఆనించాను.

కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత మూసుకున్నాడు.
విన్నాడో, ఎముకలకే తెలిసిందో
నేను చెప్పలేను.
మొన జరుపుకుంటూ వేళ్లు ఒక్కొక్కటీ విప్పాడు:
ఒకటి, రెండు, ... ఆరో దగ్గర ఆగి
ఎంతసేపటికీ కదల్లేదు.

మాతే కషాయం చల్లారిపోయింది.
బయట అల్లుడు హారన్ కొడుతున్నాడు,
మేమిద్దరమే విన్నాం.

ఆ స్క్రూడ్రైవర్ ఇప్పటికీ వాడుతున్నాను.
పిడి మీద రెండు పళ్ల గాట్లు.